నిచ్చెనక్క పెట్టని సంతకం

హాజరుపట్టీలో ఆమెకు ఒక పేరు ఉండేది. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేది. మా వాతావరణ కార్యాలయంలో డైరెక్టరు నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆమె నిచ్చెనక్క. ఊరి చివర పాత విమానాల మైదానం పక్కన అరవై మీటర్ల ఇనుప స్తంభం ఒకటి ఉంది. దాని మీద ఆరు ఎత్తుల్లో గాలినీ వేడినీ తేమనూ కొలిచే పరికరాలు ఉంటాయి. వాటిని తుడవడం, సరిచూడడం, తీగలు తెగితే అతకడం ఆమె పని. ఇరవై రెండేళ్లు ఆ పని చేసింది. వారానికి మూడుసార్ల చొప్పున లెక్క వేస్తే, రెండు వందల కిలోమీటర్లు నిట్టనిలువుగా ఎక్కినట్టు. ఆ మాట ఆమెతో అంటే, దిగింది ఎందుకు కలపలేదు, మోకాళ్లు నొప్పెట్టేది దిగేటప్పుడే కదా అంది.

నేను అదే కార్యాలయంలో రెండో అంతస్తులో ప్రోగ్రాములు రాసేవాణ్ని. ఈ కథలో తప్పు చేసినవాళ్లలో మొదటివాణ్ని నేనే. అది ముందే చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది.

ఆమె ఉద్యోగంలో చేరిన తీరే వేరు. ప్రకటనలో ‘ఎత్తుకు భయపడని పురుషులు’ అని ఉందట. అప్పటికి ఆమె మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో పనిచేస్తోంది. ప్రకటన కాగితం పట్టుకుని వచ్చింది. గుమాస్తా దాన్ని చదివి వినిపించి, చివరి పదం మీద వేలు పెట్టి చూపించాడు. ఆ పదానికి సడలింపు ఇవ్వొచ్చా లేదా అని లోపలి గదిలో ముగ్గురు పెద్దమనుషులు తర్జనభర్జన పడుతుండగా, ఆమె చెప్పులు స్తంభం కింద విడిచి, కొసదాకా ఎక్కి, అక్కడి ఉష్ణమాపకం చూసి దిగి వచ్చి, “ఇరవై ఆరు పాయింట్ నాలుగు” అని చెప్పింది. బెల్టు పెట్టుకోకుండా ఎక్కినందుకు మొదటి మెమో ఆ రోజే ఇచ్చారు. ఉద్యోగం కూడా ఆ రోజే ఇచ్చారు.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వాతావరణాన్ని కంప్యూటరులో లెక్కగట్టి నడిపేదాన్ని మోడల్ అంటాం. అందుకోసం భూమిని గళ్లుగా కోస్తాం. ఒక్కో గడి పది కిలోమీటర్ల వెడల్పు. తుపాను అందులో చిక్కుతుంది గానీ, నేలను ఆనుకుని ఉన్న గాలిలో తిరిగే సుడులు చిక్కవు. అవి పిడికిలంత ఉంటాయి, గదంత ఉంటాయి, మహా అయితే గుట్టంత ఉంటాయి. చేపల వలతో దోమల్ని పట్టబోయినట్టే. కానీ నేల మీది వేడీ చలీ తేమా పైకి చేరేది ఆ సుడుల చేతుల మీదుగానే. అందుకని వాటిని కంటితో చూడకుండానే, ‘ఇంత గాలి, ఇంత వేడి ఉన్నప్పుడు గాలిలో కలత ఇంత ఉండాలి’ అని ఒక సూత్రంతో అంచనా కడతాం.

మధ్యాహ్నాలు ఆ సూత్రం బాగానే నడుస్తుంది. ఎండకు నేల కాగి, గాలి కుతకుతలాడుతూ ఉంటుంది. చిక్కంతా మబ్బు లేని, గాలి లేని తెల్లవారుజాములతోనే. నేల చల్లబడి, దాని మీది గాలి బరువెక్కి, ముసుగు తన్ని పడుకుంటుంది. కలత దాదాపు సున్నా. ఆ సున్నాను కంప్యూటరుకు ఇస్తే అది మొండికేస్తుంది. పైనున్న వేడి కిందికి దిగే దారి మూసుకుపోయి, కంప్యూటరులోని నేల అంతూ పొంతూ లేకుండా చల్లబడుతూ పోతుంది. అందుకని మా పెద్దలు ఎప్పుడో ఒక అంకె పెట్టారు. నిజంగా గాలి ఎంత నిశ్చలంగా ఉన్నా సరే, లెక్కలో మాత్రం కలత ఆ అంకె కన్నా తగ్గకూడదు. మా గదిలో దాన్ని ఊతకర్ర అనేవాళ్లం. ఊతకర్ర పెట్టాక పెద్ద పెద్ద తుపానుల లెక్క కూడా బాగా కుదిరింది. వందేళ్ల తర్వాతి వాతావరణాన్ని లెక్కగట్టేవాళ్లు కూడా మా సూత్రాన్నే తీసుకుపోయారు. ఇక దాని జోలికి ఎవరు వెళ్తారు?

నేను చేరిన మొదటి ఏడు, స్తంభం నుంచి వచ్చే కొలతలను వడగట్టే ప్రోగ్రాము రాయమన్నారు. గాలి కలతను కొలిచేది ఆరు కొమ్ముల పరికరం, ఎత్తుకొకటి. ఒక కొమ్ము నుంచి ఇంకో కొమ్ముకు శబ్దం పంపి, అది చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి గాలి కదలికను సెకనుకు ఇరవైసార్లు చెబుతుంది. చూపుకు వెల్లకిలా పడ్డ పీతలా ఉంటుంది కాబట్టి మేము పీత అనే పిలిచేవాళ్లం. పీత పంపే అంకెల్లో కదలిక ఫలానా హద్దు కన్నా తక్కువుంటే పరికరం చచ్చిపోయిందనుకుని ఆ అరగంటను పారేయమని ప్రోగ్రాములో రాశాను. ఒకే ఒక్క వరుస. రాసి, టీకి వెళ్లిపోయాను. తర్వాత పదకొండేళ్లు ఆ వరుసను నేను తలుచుకున్న పాపాన పోలేదు.

నిచ్చెనక్క స్తంభం ఎక్కడం మొదలుపెట్టిన పదహారో ఏట, చలికాలంలో, తొలి బస్సు కల్వర్టులోకి దొర్లింది. పొద్దున ఐదూ నలభైకి. స్తంభానికి కిలోమీటరు కూడా ఉండదు ఆ చోటు. ఎవరి ప్రాణమూ పోలేదు. కండక్టరుకు భుజం విరిగింది, ఏడుగురికి దెబ్బలు తగిలాయి. వైపరు కూడా కనిపించనంత పొగమంచు ఉందని డ్రైవరు చెప్పాడు. పది నిమిషాల తర్వాత ఎగువ రోడ్డు మీద వెళ్లిన మరో డ్రైవరు, తనకు మంచు పోగే కనిపించలేదన్నాడు. నిద్రపోయి అబద్ధమాడుతున్నాడని బస్సు సంస్థ మొదటి డ్రైవరును పక్కన పెట్టి, విచారణ వేసి, ఆ ఉదయపు వివరాలు పంపమని మాకు రాసింది.

మా ముందురోజు సూచనలో ‘ఉదయం నిర్మలం’ అని ఉంది. స్తంభం రికార్డు తీస్తే, ఆ తెల్లవారుజామున మూడు గంటల పాటు పీత గడులన్నీ ఖాళీ. ఖాళీ పంపితే పరువు తక్కువ. అందుకని డైరెక్టరు ఒక ఫారం తీయించి, నిచ్చెనక్కను పిలిపించాడు. ప్రోగ్రాము మనిషిని కాబట్టి నన్నూ కూర్చోబెట్టాడు.

డైరెక్టరు చెడ్డవాడు కాదు. గాలివాటం మనిషి, అంతే. మా కార్యాలయంలో ఆ మాటను తిట్టుగా వాడకూడదని అందరం ఒప్పందం చేసుకున్నాం.

“ఇక్కడో సంతకం పెట్టమ్మా. ఆ పూట పీత పనిచెయ్యలేదని. అంతే” అన్నాడు.

“పనిచేసింది సార్.”

“చెయ్యలేదు కాబట్టే కదా రికార్డు ఖాళీగా ఉంది?”

“ఖాళీ ఎందుకుందో నాకు తెలీదు. ముందురోజు సాయంత్రం నేనే ఎక్కి తుడిచొచ్చాను. పొద్దున ఆరింటికి కింద పెట్టె దగ్గర అంకెలు చూశాను. బాగా తక్కువున్నాయి. తక్కువుంటే చెడిపోయినట్టేనా?”

పదకొండేళ్ల కిందటి ఆ వరుస, అక్షరం పొల్లుపోకుండా, కళ్ల ముందు నిలబడింది. చెప్పడానికి నోరు తెరిచి, నీళ్లు నమిలి, మూసుకున్నాను.

ఆ డ్రైవరు మీ పక్కింటివాడట కదా అని డైరెక్టరు మెల్లగా అడిగాడు. ఆ ప్రశ్నలో ఉన్న ముల్లు ఆమెకు అర్థమైంది. పక్కింటివాడేననీ, వాళ్ల డాబా మీది గొట్టం నీళ్లు తమ పెరట్లో పడుతున్నందుకు నాలుగేళ్లుగా మాటల్లేవనీ, అతని ముఖం చూసినా తనకు ఒళ్లు మండుతుందనీ చెప్పింది.

“మరి అతని కోసం నీకెందుకమ్మా ఇంత పట్టుదల? నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలా?”

“నేను పట్టుకుని లెక్కపెట్టాను సార్. మీరు పట్టుకోకుండానే నాలుగంటున్నారు.”

ఫారాన్ని బల్ల మీద నెమ్మదిగా అతని వైపు తిప్పి పెట్టి, బయటికి వెళ్లిపోయింది. తలుపు కూడా గట్టిగా వేయలేదు.

ఆమెకు నచ్చజెప్పే పని నా మీద పడింది. ఆ సాయంత్రమే సైకిలు మీద వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె భర్త కంటికి అద్దం బిగించుకుని గడియారాలు బాగు చేస్తున్నాడు. ఆయన మాట్లాడేది తక్కువ. నన్ను చూసి తల ఊపి, మళ్లీ ఓ పన్ను విరిగిన చక్రంలోకి వెళ్లిపోయాడు. తలుపు తీసింది ఆమె అత్తగారు.

“ఏం బాబూ, మా కోడలి చేత అబద్ధం మీద సంతకం పెట్టించడానికొచ్చావా? లోపలికి రా. టీ తాగి వెళ్దువుగాని. టీ వేరు, సంతకం వేరు.”

ముసలావిడ టీ కాస్తూ ఎడతెరిపి లేకుండా మాట్లాడింది. ముప్ఫై ఏళ్లుగా ఈ పిల్ల తన మాట ఒక్కటి వినలేదనీ, కట్టుకున్నవాడి మాటా వినలేదనీ, అలాంటిది ముక్కూ మొహం తెలియని డైరెక్టరు మాట వింటే తాము ఊరుకుంటామా అనీ. నేను నవ్వాలో ఏడవాలో తెలియక కప్పు పట్టుకుని కూర్చున్నాను. నిచ్చెనక్క లోపలి గదిలోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పదహారేళ్లుగా, స్తంభం దగ్గరికి వెళ్లిన ప్రతి పొద్దునా ఆరింటికి ఆరు ఎత్తుల అంకెలూ చేత్తో రాసుకుంది. అలాంటివి మరో తొమ్మిది ఉన్నాయట. ఎవరు రాయమన్నారని అడిగాను. ఎవరూ రాయమనలేదని చెప్పింది.

బస్సు పడిన రోజు పేజీ తీశాను. నేల దగ్గర మూడు డిగ్రీలు, కొసన పదిన్నర. తేమ నూటికి నూరు. పీత అంకె దాదాపు సున్నా. పక్కన ‘దట్టంగా మంచు, గేటు కనబడలేదు’ అని రాసి ఉంది.

“అక్కా, మోడల్ ఇలా చెప్పదు” అన్నాను. నేను అన్న మాటల్లో అంత తెలివితక్కువ మాట ఇంకొకటి లేదు.

“మీ మోడల్ ఎప్పుడైనా స్తంభం ఎక్కిందా తమ్ముడూ?” అంది. “రేపు పొద్దున ఐదున్నరకి రా. స్వెట్టరేసుకో.”

నాకు ఎత్తంటే భయం. రెండో అంతస్తు కిటికీ దగ్గర బల్ల వద్దని గోడ పక్కన వేయించుకున్నవాణ్ని. అయినా వెళ్లాను. వెళ్లకపోతే ముసలావిడ ఏమంటుందోనన్న భయం ఎక్కువైంది.

తెల్లారుతూ ఉంది. మైదానమంతా మంచు. నా చేతులు నాకే మసకగా కనిపిస్తున్నాయి. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమె నాకు బెల్టు బిగించి, రెండు కొక్కేలు చూపించి, ఒకటి తగిలించాకే ఇంకొకటి తీయాలని మూడుసార్లు చెప్పించుకుంది. కిందికి చూడొద్దని చెబుతుందనుకున్నాను. చూడమనే చెప్పింది, చూడకపోతే వచ్చిన పని ఏముందని.

పది మీటర్ల దగ్గర నా తల మంచులోంచి బయటపడింది. నీళ్లలోంచి తేలినట్టే. పైన తేటగా ఆకాశం. కింద బూడిదరంగు పరుపు, బల్లపరుపుగా, ఎక్కడా ముడత లేకుండా. ఇరవై మీటర్ల దగ్గర పళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది. నలభై దగ్గర చెమట పట్టింది. ఎక్కిన శ్రమకు పట్టిందనుకున్నాను. నా మనసులోది తెలిసినట్టు, చేతితొడుగు తీసి ఇనుము పట్టుకోమంది. కింద చురుక్కుమని కాల్చినంత చల్లగా ఉన్న అదే ఇనుము, ఇక్కడ గది లోపలి కిటికీ ఊచలా ఉంది. దూరాన ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చిన పొగ పైకి లేవకుండా, కింద పడకుండా, గీత గీసినట్టు అడ్డంగా సాగిపోతోంది. బస్సు రోడ్డు మీద రెండు పసుపు దీపాలు ఎగువ నుంచి దిగి, పల్లంలోకి రాగానే ఆరిపోయినట్టు మాయమై, చాలాసేపటికి అవతల తేలాయి. నేను అవి తేలేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాను.

దిగేటప్పుడు రెండో ఎత్తు దగ్గర ఆపి, నడుముకు వేలాడుతున్న చిన్న మీటరును పీత తీగకు కలిపింది. అంకెలు సున్నా దగ్గర సన్నగా వణుకుతున్నాయి. ఆమె ముందుకు వంగి, పీత కొమ్ముల మధ్యకు నోటితో ఒకసారి ఊదింది. అంకె ఒక్క దూకు దూకింది. మెల్లగా దిగి వచ్చి, మళ్లీ సున్నా దగ్గర వణుకుతూ కూర్చుంది.

“దీన్నేనా చచ్చిపోయిందంటున్నది?”

అప్పుడు చెప్పాను. ఆ వరుస రాసింది నేనేనని, బెల్టుకు వేలాడుతూ, ఇనుముకు అతుక్కుని. “ముందే తెలిసుంటే నిన్ను ఇంతదూరం ఎక్కించేదాన్ని కాదు. కిందే తిట్టి పంపేదాన్ని” అంది. తర్వాత నా కొక్కెం సరిగా పడిందో లేదో చూసి, దిగమంది.

ఆ రోజే ఆ వరుస తీసేసి, మూలన పడి ఉన్న పాత కొలతలన్నీ మళ్లీ వడగట్టాను. బస్సు పడిన ఉదయం పీత బ్రహ్మాండంగా పనిచేసింది. ఊతకర్ర తగ్గించి మోడల్‌ను ఆ రోజుకు మళ్లీ నడిపితే, మా గడిలో ఐదింటికల్లా పొగమంచు పుట్టింది. ఎగిరి గంతేయాల్సింది. కానీ అదే లెక్కలో, సముద్రం మీద రెండు తుపానుల బలం గాడి తప్పింది. చలిదేశాల్లో నేల రాయిలా గడ్డకట్టి, మరో పాతిక డిగ్రీలు కిందికి జారింది. అంటే ఆ ఊతకర్ర ఎన్ని తప్పుల్ని నిలబెడుతోందో మాకే తెలియదు. డైరెక్టరు ఆ కాగితాలు చూసి నిట్టూర్చాడు. ఒక కల్వర్టు కోసం ప్రపంచపటాన్ని పాడు చేసుకుంటామా అన్నాడు. ఆయన అన్నదీ పూర్తిగా అబద్ధం కాదు. సంతకం లేకుండానే, ‘పరికరపు కొలతలు సందేహాస్పదం’ అని విచారణాధికారికి ఉత్తరం వెళ్లింది. నేను అడకత్తెరలో పోకచెక్కలా అటూ ఇటూ కాకుండా ఉండిపోయాను.

నిచ్చెనక్క మాత్రం సెలవు చీటీ రాసిచ్చి, నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని, ఎవరూ పిలవని విచారణకు వెళ్లింది.

అక్కడ జరిగింది తర్వాత కండక్టరు చెప్పగా విన్నాను. బస్సు డిపోలో టైర్ల వాసన వేసే గది. నుదుటికి కట్టుతో డ్రైవరు ఒక బెంచీ మీద, ఆమె ఇంకో బెంచీ మీద, ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. మీ కార్యాలయం తరఫున వచ్చారా అని అధికారి అడిగాడు.

“కాదు సార్. స్తంభం తరఫున వచ్చాను.”

డ్రైవరుకు మీరేమవుతారని అడిగితే, పక్కింటి మనిషిననీ, ఇద్దరికీ అస్సలు పడదనీ చెప్పింది. అధికారి నమ్మకం కుదరక డ్రైవరు వైపు తిరిగాడు.

“నిజమేనండి. పడదు” అన్నాడు డ్రైవరు. గదిలో అందరూ నవ్వారట. తన పక్షాన అతను చెప్పిన మాటలన్నిటిలోకీ బాగా పనికొచ్చింది అదేనని కండక్టరు అంటాడు.

ఆమె నోటుపుస్తకం తెరిచి అంకెలు చదివింది. వేడి ఎత్తుతో పెరగడం ఏమిటని అధికారి అడిగితే, విసుక్కోకుండా విడమరిచి చెప్పింది. నేల దగ్గరి చల్లగాలి కదలదనీ, కలిపే చెయ్యి లేకపోతే తేమ అక్కడే గడ్డకట్టుకుని మంచవుతుందనీ, ఎగువ రోడ్డు పన్నెండు మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ వెళ్లినవాడికి ఏమీ కనిపించి ఉండదనీ. మరి మీ ఆఫీసువాళ్లే సందేహమంటున్నారే అని అడిగాడు.

“దూరం నుంచి చూసినవాళ్లకు సందేహం సార్. నేను దగ్గర్నుంచి చూశాను.”

అధికారి మళ్లీ మాకు రాశాడు: కొలతలను ఎవరు, ఏ కారణంతో పారేశారు? ఆ ప్రశ్న నా బల్ల మీదికి వచ్చింది. ఈసారి నీళ్లు నమలలేదు. నా వరుస, దాని పొరపాటు, స్తంభం మీద నేను కళ్లారా చూసింది, అన్నీ రాసి, డైరెక్టరుకు చూపించకుండానే టపాలో వేశాను. అది నా ధైర్యం కాదు. ఆమె దగ్గర అరువు తెచ్చుకున్నది.

తీర్పు సగం సగంగా వచ్చింది. మంచు ఉన్నమాట నిజం, డ్రైవరు అబద్ధమాడలేదు, నిద్రపోలేదు. కానీ మంచు కనిపించాక వేగం తగ్గించాల్సింది. ఉద్యోగం నిలబడింది, రెండు నెలలు స్టీరింగు పట్టుకోవద్దన్నారు. అతను ఆమెకు కృతజ్ఞతలు చెప్పలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు. వానాకాలం రాగానే గొట్టం గురించి ఇద్దరూ గోడకు ఇటూ అటూ నిలబడి యథాప్రకారం అరుచుకున్నారు. అంటే మాటలు కలిసినట్టేనని అత్తగారి లెక్క.

నిచ్చెనక్కను స్తంభం నుంచి తప్పించి, కార్యాలయం అడుగున ఉన్న సామాన్ల గదికి పంపారు. అనుమతి లేకుండా విచారణకు వెళ్లినందుకు లిఖితపూర్వకంగా క్షమాపణ చెబితే వెనక్కి తీసుకుంటామన్నారు. నెలకోసారి మెమో వెళ్లేది. నెలకోసారి అదే జవాబు వచ్చేది: ‘నేను చెప్పింది కొలత. కొలతకు క్షమాపణ ఉండదు.’ పద్నాలుగు నెలలు, పద్నాలుగు కాగితాలు. మెమోలు టైపు చేసే ఆవిడ, చివరికి జవాబును కూడా తానే టైపు చేసి కింద ఖాళీ వదిలి ఇస్తానని చెప్పిందట.

ఈలోగా స్తంభం పని ఒక కాంట్రాక్టరు చేతికి వెళ్లింది. అతని మనుషులు మూడో ఎత్తు దాటి ఎక్కేవారు కాదు. పై పీతల కొమ్ముల మధ్య సాలెపురుగులు కాపురం పెట్టాయి. ఒక తీగ వదులైంది. నేను నా వరుస తీసేశాను కదా, ఇప్పుడు చచ్చిన అంకెలూ బతికిన అంకెలూ కలగలిసి రికార్డులోకి వచ్చిపడుతున్నాయి. ఏది ఏదో తేల్చుకోలేక, సిగ్గు విడిచి సామాన్ల గదికి వెళ్లాను.

ఆమె పాత పెట్టెల మధ్య కూర్చుని, మూలన పడేసిన ఒక పీతను విప్పి బాగు చేస్తోంది. ఎవరు చేయమన్నారని ఈసారి అడగలేదు. నా గోడు విని, స్క్రూడ్రైవరు పక్కన పెట్టింది.

“చచ్చినది ఒకే అంకె చెప్తుంది తమ్ముడూ. మారదు. బతికున్నది ఎంత నిదానంగా ఉన్నా వణుకుతుంది. ఆ వణుకు చూడు. పై ఎత్తుదాన్నీ కింది ఎత్తుదాన్నీ అడిగి చూడు. ముగ్గురూ ఒకే మాట చెప్తుంటే, ఒకడే అబద్ధమెలా ఆడతాడు?”

ఆ మాటలనే ప్రోగ్రాముగా రాశాను. రెండు నెలలు మధ్యాహ్నపు భోజనాల వేళ ఆ గదిలో, సున్నాకు దగ్గరైన అంకెల్ని ఒక్కొక్కటే ఆమె నోటుపుస్తకాలతో పోల్చి చూశాం. పదకొండేళ్లలో నా వరుస నాలుగు వందల పన్నెండు తెల్లవారుజాముల్ని చెత్తబుట్టలో వేసిందని తేలింది. సూత్రాన్ని సరిచేసుకోవడానికి మాకు కావలసిన ఉదయాలు సరిగ్గా అవే. నిశ్చలంగా ఉన్న గాలి మోడల్‌కు తెలియదు, ఎందుకంటే మేము దాన్ని లోపలికి రానివ్వలేదు. వచ్చినదల్లా కలతే కాబట్టి, కలత లేని గాలి ఉండదనుకున్నాం.

ఆ నివేదిక మీద ఇద్దరి పేర్లూ పెట్టాను. డిగ్రీ లేని మనిషి పేరు ఎలా వేస్తామని అడిగారు. అయితే నా పేరు కూడా తీసేసి, రాసినవాళ్లెవరూ లేరని అచ్చు వేసుకోండి అన్నాను. నాలుగు నెలలు ఆగింది. చివరికి రెండు పేర్లతోనే వచ్చింది, ఆమెది ముందు. అది చదివి వేరే సంస్థల నుంచి ముగ్గురు స్తంభం చూడడానికి వస్తామని రాయగానే, పైదాకా ఎక్కి చూపించగల మనిషి కోసం డైరెక్టరు వెతుక్కోవాల్సి వచ్చింది. ‘క్షమాపణ అందనప్పటికీ’ అన్న మాటతో మొదలైన ఆర్డరు మీద ఆమె మళ్లీ స్తంభం దగ్గరికి వెళ్లింది. ఆ ఆర్డరును అత్తగారు అద్దం కట్టించి గోడకు వేలాడదీసింది.

ఊతకర్ర ఒక్కరోజులో పోలేదు. అది మోస్తున్న మిగతా తప్పుల్ని ఒక్కొక్కటే విప్పి బాగు చేయడానికి మూడేళ్లు పట్టింది. నేల లెక్క వేరేగా, కొండల మీది గాలి లెక్క వేరేగా. ఇప్పుడూ కొంచెం ఉంది, వెనకటి దానిలో అయిదో వంతు. మా పల్లంలో పది పొగమంచుల్లో రెండు ముందే చెప్పగలిగేవాళ్లం, ఇప్పుడు ఆరు చెప్పగలుగుతున్నాం. ఆ సంగతి సంబరంగా ఆమెకు చెప్పడానికి వెళ్లాను. మిగతా నాలుగూ ఎప్పుడని అడిగింది.

ఆమె రిటైరై రెండేళ్లయింది. పోయిన వారం మధ్యాహ్నం నాకు ఫోను చేసింది. బతికే ఉన్నానని ఏటా చూపించుకోవడానికి పింఛను ఆఫీసుకు వెళ్తే, వేలిముద్ర యంత్రం ఒప్పుకోలేదట. ఇరవై రెండేళ్లు ఇనుప మెట్లు పట్టుకున్న వేళ్లు, గీతలు అరిగిపోయాయి. చేతులు కడుక్కుని రమ్మన్నారు. కడుక్కొచ్చింది. ఇలాంటి మనిషి లేదని చెబుతోంది యంత్రం, మేమేం చేస్తామన్నాడు గుమాస్తా. ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

“ఆ ప్రోగ్రాములో హద్దు ఎంత పెట్టారో, ఎవరు పెట్టారో కనుక్కోవాలి. నీకా భాష వచ్చు కదా, బయలుదేరి రా” అంది నాతో.

నేను వెళ్లేసరికి ఆమె పక్కన బెంచీల మీద ఇంకో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. తాపీ పనివాళ్లు, బట్టలు ఉతికిన ఆడవాళ్లు, ప్రెస్సులో అచ్చులు పేర్చిన ఒక ముసలాయన. యంత్రం కాదన్న మనుషులే అందరూ. ఆమె వాళ్లెవరినీ లేచి వెళ్లనివ్వడం లేదు. గుమాస్తా నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని, పైవాళ్లతో మాట్లాడుతున్నాడు.